మేడ మీది గదిలో ఎడిటింగ్ కంప్యూటరు: కూలింగు, ఎస్‌ఎంపీఎస్ ఎంపిక డైరీ

ఏప్రిల్ 6, 2025, ఆదివారం

శ్రీరామనవమి పానకం తాగి మేడ ఎక్కిన గంటలోనే పని మొదలైంది. మా బావ పెళ్ళి వీడియోలు ఎడిట్ చేస్తాడు. విజయవాడ మొగల్రాజపురంలో కొండకు ఆనుకుని ఉన్న వీధిలో, ఇంటి పై అంతస్తులో, ఏసీ లేని పదడుగుల గది అతని ఎడిటింగ్ రూము. పగలంతా శ్లాబు కాగుతుంది, రాత్రి కొండరాయి వేడి వదులుతుంది. పెళ్ళి ముహూర్తాలు, ఎండలు ఒకే నెలల్లో వస్తాయి కనుక, కంప్యూటరుకు పని ఎక్కువగా ఉండే రోజులే గది ఎక్కువగా వేడెక్కే రోజులు కూడా. పాత యంత్రం గత వేసవిలో రెండర్ (ఎడిట్ చేసినదాన్ని తుది వీడియోగా తయారుచేసే పని) మధ్యలో ఎన్నిసార్లు ఆగిపోయిందో అతను లెక్క పెట్టుకోలేదు గాని, రెండు జంటలకు ఆల్బమ్ ఆలస్యమైందని మాత్రం గుర్తుంచుకున్నాడు.

ప్రాసెసరు, గ్రాఫిక్స్ కార్డు బావ ముందే తెప్పించాడు. మొదటిది రైజెన్ 7 9700ఎక్స్, రెండోది ఆర్‌టీఎక్స్ 5070. అతని సోనీ కెమెరాలు రంగుల వివరాలు ఎక్కువగా ఉండే 10 బిట్ 4:2:2 ఫుటేజీ ఇస్తాయి. దాన్ని హార్డ్‌వేర్‌లో డీకోడ్ చేసే సౌకర్యం ఎన్విడియా 50 సిరీస్ కార్డుల్లో వచ్చింది కాబట్టి ఆ ఎంపికతో నాకు పేచీ లేదు. వీటికి తగిన కూలరు, ఫ్యాన్లు, కేబినెట్, ఎస్‌ఎంపీఎస్ (ఇంటి కరెంటును కంప్యూటరుకు తగినట్టు మార్చి ఇచ్చే పెట్టె) ఎంచి, బిగించి, ఎండలో పరీక్షించి అప్పగించడం నా వంతు.

మధ్యాహ్నం మూడు గంటలకు సీలింగు ఫ్యాను తిరుగుతుండగా బల్ల ఎత్తులో ఉష్ణోగ్రత 37.5 డిగ్రీలు, నేల దగ్గర 35.5 డిగ్రీలు ఉంది. ఇంకా చైత్రమే. మే నెలకు బల్ల ఎత్తులో 40 ఉంటుందని అనుకుని లెక్క వేసుకోవాలని నిర్ణయించాను.

ఏప్రిల్ 8, మంగళవారం

కూలరు విషయంలో బావకూ నాకూ మొదటి వాదన జరిగింది. సికింద్రాబాదులోని కంప్యూటర్ల బజారు సీటీసీలో ఒక దుకాణంవాడు రంగుల దీపాలున్న 360 మిల్లీమీటర్ల లిక్విడ్ కూలరు చూపించి, "విజయవాడ ఎండకు ఇదే కావాలి" అని చెప్పాడట. నీళ్ళంటే చల్లదనం అన్న భావన మనకు కుండ నాటి నుంచీ ఉంది. కుండలో నీరు చల్లబడేది మట్టి రంధ్రాల గుండా కొంత ఆవిరి కావడం వల్ల. లిక్విడ్ కూలరులో ఏదీ ఆవిరి కాదు, కాకూడదు కూడా. అందులోని ద్రవం ప్రాసెసరు దగ్గరి వేడిని రేడియేటరు దాకా మోసుకెళ్ళి గది గాలికి అప్పగిస్తుంది. ప్రాసెసరు మీద లోహపు రేకుల గోపురంలా నిలిచే టవర్ కూలరులోని హీట్ పైపులు కూడా ఆ మోసే పనే చేస్తాయి. గది గాలి 40 డిగ్రీలుంటే ఈ రెండింటిలో ఏదీ ప్రాసెసరును 40కి దించలేదు.

అసలు చూడవలసింది ఎన్ని వాట్లు మోయాలన్నది. 9700ఎక్స్ పెట్టె మీద 65 వాట్లని ఉంటుంది గాని, సాకెట్ నుంచి అది నిలకడగా తీసుకోగల పరిమితి 88 వాట్లు. తర్వాత వచ్చిన బయాస్ (మదర్‌బోర్డు సొంత సాఫ్ట్‌వేర్) అప్‌డేట్లలో 105 వాట్ల ఎంపిక కూడా ఉంది, దాన్ని ఆన్ చేస్తే పరిమితి 142 వాట్లకు పెరుగుతుంది. బావ పనిలో బరువంతా గ్రాఫిక్స్ కార్డు మీద పడుతుంది కనుక 88 వాట్ల దగ్గరే ఉంచుతానని చెప్పాను. ఆ 88 వాట్లకు ఆరు హీట్ పైపులు, రెండు 120 మిల్లీమీటర్ల ఫ్యాన్లు ఉన్న థర్మల్‌రైట్ పీర్‌లెస్ అసాసిన్ 120 ఎస్ఈ ధారాళంగా సరిపోతుంది. దుకాణంవాడు చూపించినదాని ధరలో ఇది మూడో వంతు కూడా లేదు. ఇందులో చెడిపోగలిగినవి ఫ్యాన్లు మాత్రమే, వాటిని గవర్నరుపేట వెళ్ళి ఆ పూటే మార్చుకోవచ్చు. లిక్విడ్ కూలరులో పంపు ఆగితే సీజన్ మధ్యలో వారంటీ కోసం కొరియర్ చేసి ఎదురుచూడాలి.

నిజం చెప్పాలంటే 142 వాట్లు, అంతకు మించి నిరంతరం మింగే ప్రాసెసరైతే నేనూ లిక్విడ్ వైపు మొగ్గేవాడినేమో. "దీపాలు లేకపోతే కస్టమర్లకు స్టూడియో అనిపించదు" అన్న బావ అభ్యంతరానికి మాత్రం నా దగ్గర సాంకేతికమైన జవాబు లేదు. గోడకు ఎల్ఈడీ పట్టీ అంటిస్తానని మాటిచ్చాను.

ఏప్రిల్ 13, ఆదివారం

ఈ రోజంతా ఎస్‌ఎంపీఎస్‌కే పోయింది. కొనేముందు పాత యంత్రం ఎందుకు ఆగిపోయేదో తేల్చుకోవాలనిపించింది, ఎందుకంటే కారణం తెలియకుండా ఖరీదైనది కొంటే ఆ జబ్బే కొత్తదానికీ అంటుకోవచ్చు.

టార్చి వేసి జాలీలోంచి చూస్తే పాత ఎస్‌ఎంపీఎస్ లోపల దుమ్ము ఉన్నిలా పేరుకుని ఉంది, ఒక మూల ఎండిపోయిన బల్లిపిల్ల కూడా కనిపించింది. పెట్టె విప్పలేదు. లోపలి పెద్ద కెపాసిటరులో ప్లగ్గు తీసేసిన తర్వాత కూడా వందల వోల్టులు నిలిచి ఉండవచ్చు. దాన్ని విప్పి శుభ్రం చేద్దామన్న బావను కూడా ఆపాను.

తర్వాత కరెంటు పోయే సన్నివేశాన్ని కావాలనే సృష్టించాం. యంత్రం మీద బరువు పెట్టి, మెయిన్ ఎంసీబీని (ఇంటి కరెంటును ఆపే స్విచ్చి) కిందికి పడేస్తే ఇన్వర్టరు అందుకోవాలి. అయిదుసార్లు పడేస్తే అయిదుసార్లూ కంప్యూటరు రీస్టార్ట్ అయింది. ఇన్వర్టరు వెనుక చూస్తే స్విచ్చి నార్మల్ మోడ్‌లో ఉంది. ఆ మోడ్ ఫ్యాన్లకు, దీపాలకు ఉద్దేశించినది. వోల్టేజీ బాగా తగ్గినా లైను మీదనే నడుపుతుంది, బ్యాటరీకి మారేటప్పుడు కాస్త నింపాదిగా మారుతుంది. యూపీఎస్ మోడ్‌లో ఆ మార్పు త్వరగా జరుగుతుంది. ఆ స్విచ్చి మార్చాక పాత యంత్రమే అయిదింటిలో మూడుసార్లు నిలబడింది. బావ నా వంక చూసిన చూపులో, రెండేళ్ళుగా ఆ స్విచ్చి తన వీపు వెనుకే ఉందన్న బాధ కనిపించింది.

మిగిలిన రెండుసార్లు ఎందుకు పోయిందన్నదే కొత్త ఎస్‌ఎంపీఎస్ ఎంపికకు ఆధారం. ఇన్వర్టరు మారే ఆ కొన్ని మిల్లీసెకన్లలో కంప్యూటరును బతికించేది ఎస్‌ఎంపీఎస్‌లోని పెద్ద కెపాసిటరులో నిల్వ ఉన్న శక్తి.  ఉదాహరణకు 470 మైక్రోఫారడ్ కెపాసిటరు 380 వోల్టుల నుంచి 300 వోల్టులకు దిగేదాకా పనికొస్తుందనుకుంటే, అది ఇవ్వగల శక్తి సుమారు 12.8 జౌళ్ళు. పూర్తి లోడులో లోపలికి 830 వాట్లు లాగుతుంటే అది 15 మిల్లీసెకన్లలో ఖర్చవుతుంది. దాదాపు సగం లోడులో 456 వాట్లే లాగుతుంటే 28 మిల్లీసెకన్లు వస్తుంది. ఎస్‌ఎంపీఎస్‌ల తయారీకి ఉన్న ఏటీఎక్స్ 3.1 ప్రమాణం పూర్తి లోడు వద్ద అడిగేది 12 మిల్లీసెకన్లే. అందువల్ల అవసరానికి మించిన వాట్ల ఎస్‌ఎంపీఎస్ కొనడంలో, దుకాణాల్లో చెప్పే "రేపటి అప్‌గ్రేడ్" కన్నా నాకు నచ్చిన కారణం ఇదే: సగం లోడులో నడిచే ఎస్‌ఎంపీఎస్ ఇన్వర్టరు కోసం రెట్టింపు సేపు ఊపిరి బిగబట్టగలదు.

ఏప్రిల్ 14, సోమవారం

సెలవు కావడంతో వాట్ల లెక్క పూర్తి చేశాను. ప్రాసెసరుకు 88, గ్రాఫిక్స్ కార్డుకు 250, మదర్‌బోర్డుకు, ర్యామ్‌కు కలిపి 45, రెండు ఎస్ఎస్‌డీలకు 14, రెండు హార్డ్ డిస్కులకు 15, ఫ్యాన్లకు 10 వేసుకుంటే 422 వాట్లు అవుతుంది. హార్డ్ డిస్కులు తిరగడం మొదలుపెట్టే క్షణంలో ఒక్కోటి ఇరవై వాట్లకు పైగా లాగుతుంది గాని, ఆ సమయంలో మిగతావి ఖాళీగా ఉంటాయి. గ్రాఫిక్స్ కార్డు అలా కాదు. అది తన 250 వాట్ల సగటు చుట్టూ మైక్రోసెకన్ల పాటు చాలా ఎత్తుకు ఎగసిపడుతుంది. ఏటీఎక్స్ 3.0 నుంచి ఎస్‌ఎంపీఎస్‌లు తమ రేటింగుకు రెట్టింపు ఎగసిపాటును 100 మైక్రోసెకన్ల పాటు తట్టుకోవాలన్న నియమం వచ్చింది. ఈ కార్డుకు 650 వాట్లు చాలని ఎన్విడియా సూచన. నేను 750 వాట్ల ఏటీఎక్స్ 3.1 గోల్డ్ దగ్గర ఆగాను. బావ 1000 అన్నాడు. ఆ తేడా డబ్బుతో హార్డ్ డిస్కు వస్తుందని గుర్తుచేశాను.

గోల్డ్ అన్న ముద్ర గురించి ఒక మాట రాసుకోవాలి. ఆ ముద్ర వేసే 80 ప్లస్ పరీక్షలు 23 డిగ్రీల దగ్గర జరుగుతాయి. ఈ గదికి 23 డిగ్రీలు పుష్యమాసంలో తెల్లవారుజామున దక్కితే దక్కవచ్చు. పైగా ఆ ముద్ర చెప్పేది కరెంటు ఎంత వృథా అవుతుందన్నదే గాని, లోపలి భాగాల నాణ్యత గురించి కాదు. అందుకే పెట్టె పక్కన చిన్న అక్షరాల్లో ఉండే మరో అంకె కోసం వెతికాను: పూర్తి వాట్లు నిరంతరంగా ఏ ఉష్ణోగ్రత వరకు ఇస్తారన్నది. ధరలో పెద్ద తేడా లేని రెండు మోడళ్ళలో ఒకదానికి 40 డిగ్రీలని, మరొకదానికి 50 డిగ్రీలని ఉంది. 40 గదిలోనే ఉంటుంది కనుక 50 ఉన్నదే తీసుకున్నాను. ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్ల ఆయుష్షు, వేడి ప్రతి పది డిగ్రీలు తగ్గినప్పుడల్లా దాదాపు రెట్టింపవుతుందని ఇంజనీర్లు వాడే సూత్రం ఒకటుంది. అవి ఎన్ని డిగ్రీలకు రేట్ అయినవన్న ప్రశ్న ఈ గదికి బాగా వర్తిస్తుంది. నేను తీసుకున్నదానిలో అన్నీ 105 డిగ్రీల కెపాసిటర్లేనని తయారీదారు ప్రకటించాడు.

మరో మోడల్ చాలా చవక. కాని దాని ఇన్‌పుట్ 200 నుంచి 240 వోల్టులని రాసి ఉంది. సాయంత్రం ఏడు గంటలకు వీధిలోని ఏసీలన్నీ మొదలయ్యాక మా మల్టీమీటరు చూపింది 188. 100 నుంచి 240 వరకు తీసుకునే ఎస్‌ఎంపీఎస్‌కు అది సమస్య కాదు, కరెంటు కాస్త ఎక్కువ లాగి వాట్లు సరిచేసుకుంటుంది. దీనికోసం విడిగా స్టెబిలైజరు అక్కరలేదు.

ఏప్రిల్ 20, ఆదివారం

సామాను వచ్చింది. మొదట బిగించింది కంప్యూటరు కాదు, ఎర్త్. పాత కేబినెట్‌ను వట్టి కాళ్ళతో తాకితే చురుక్కుమనేదని బావ ఎప్పటినుంచో చెబుతున్నాడు. ఎస్‌ఎంపీఎస్ లోపలి ఫిల్టరు కెపాసిటర్లు ఫేజుకూ న్యూట్రలుకూ మధ్యన కేబినెట్‌ను కట్టి ఉంచుతాయి. ఎర్త్ సరిగా లేకపోతే కేబినెట్ మీద సరఫరాలో సగం వోల్టేజీ తేలుతుంది. కరెంటు స్వల్పమే కనుక ప్రాణం మీదకు రాదు గాని, హెచ్‌డీఎంఐ కేబుల్ పెట్టేటప్పుడు పోర్టులకు హాని చేయగలదు. సాకెట్‌లో న్యూట్రలుకూ ఎర్త్‌కూ మధ్య 64 వోల్టులు కనిపించింది. ఎలక్ట్రీషియన్ వచ్చి మెట్ల దగ్గరి బాక్సులో ఊడి ఉన్న పచ్చ వైరు బిగించాక అది 2 వోల్టులకు దిగింది.

బిగింపులో పెద్దగా చెప్పుకోవలసినది లేదు. కూలరు ఎత్తు 155 మిల్లీమీటర్లు, కేబినెట్ ఇచ్చే చోటు 165. ఏఎం5 సాకెట్‌లో కూర్చునే ఈ ప్రాసెసరు మూత అంచుల్లో గాట్లు ఉంటాయి కనుక, వేడిని కూలరుకు అందించే పేస్టు పలుచగా వేశాను. కార్డుకు పోయే 16 పిన్నుల కేబుల్ దగ్గర మాత్రం నిమిషం ఎక్కువే తీసుకున్నాను. 2022లో 4090 కార్డుల కనెక్టర్లు కరిగిన తర్వాత 12వీ-2x6 అనే సవరించిన రూపం వచ్చింది. అందులో సెన్స్ పిన్నులు 1.5 మిల్లీమీటర్లు పొట్టివి, అందువల్ల ప్లగ్గు పూర్తిగా లోపలికి పోకపోతే కార్డు పని మొదలుపెట్టదు. అయినా అంచు దగ్గర సందు కనిపించడం లేదని టార్చితో చూసి, కనెక్టరు నుంచి మూడు సెంటీమీటర్లకు పైగా నేరుగా వదిలి అప్పుడే కేబుల్ వంచాను.

ఏప్రిల్ 27, ఆదివారం

ఈ డైరీలో నన్ను బాగా ఇబ్బంది పెట్టిన రోజు ఇది. శనివారం రాత్రి యంత్రాన్ని బల్ల మీద ఉంచి, గది 31 డిగ్రీలుండగా గంటసేపు రెండర్ చేస్తే ప్రాసెసరు 69, కార్డు 73 దగ్గర నిలిచాయి. ఈ మధ్యాహ్నం దాన్ని దాని స్థానంలో, అంటే కంప్యూటరు టేబుల్ కింద మూడు వైపులా చెక్క ఉన్న అరలో పెట్టి, గది 38 డిగ్రీలుండగా మళ్ళీ నడిపాను. గది ఏడు డిగ్రీలు పెరిగింది కనుక ఇవి కూడా ఏడెనిమిది డిగ్రీలు పెరగాలి. ప్రాసెసరు 84కు, కార్డు 86కు చేరాయి, కార్డు వేగం తగ్గించుకోవడం మొదలుపెట్టింది.

ముందు ఫ్యాన్లను అనుమానించాను. కేబినెట్ ముందు జాలీ వెనుక మూడు ఆర్కిటిక్ పీ12 ఫ్యాన్లు గాలి లోపలికి లాగుతాయి, వెనుక ఒకటి, పైన ఒకటి బయటికి తోస్తాయి. పైనున్నదాన్ని ముందు వైపు బిగించడం వల్ల, లోపలికి వచ్చిన చల్లగాలిని కూలరుకు చేరకముందే అది ఎగరేసుకుపోతోంది. వెనక్కు జరిపితే ప్రాసెసరు రెండు డిగ్రీలు తగ్గింది. మిగిలిన వేడి ఎక్కడిదో తెలియక పూజగది నుంచి అగరుబత్తి తెచ్చి వెలిగించాను. కేబినెట్ వెనుక పట్టుకున్న పొగ చెక్కకు తగిలి, పక్క సందులోంచి తిరిగి, నేరుగా ముందు జాలీలోకి వచ్చేసింది. థర్మామీటరు ముందు జాలీ దగ్గర పెడితే 44 డిగ్రీలు. గదిలో 38, యంత్రం పీల్చేది 44. నేను రెండు వారాలుగా కూలర్ల మధ్య రెండు మూడు డిగ్రీల తేడాను తూచుతున్నాను, చెక్క అర ఒక్కటే ఆరు డిగ్రీలు తింటోంది.

కేబినెట్‌ను బయటికి లాగి, గోడకు జానెడు దూరంలో, జానెడెత్తు చెక్క పీట మీద పెట్టాం. నేల దగ్గరి గాలి రెండు డిగ్రీలు చల్లగా ఉండడం ఎస్‌ఎంపీఎస్‌కు కలిసొచ్చింది, దాని ఫ్యాను అడుగు నుంచే పీలుస్తుంది. గంట తర్వాత ప్రాసెసరు 76, కార్డు 80. ఖాళీ అయిన అరలో బావ అప్పుడే కెమెరా సంచులు సర్దేశాడు.

మే 4, ఆదివారం

సెట్టింగులు మార్చాను. గ్రాఫిక్స్ కార్డు పవర్ లిమిట్‌ను 250 నుంచి 215 వాట్లకు దించితే, 41 నిమిషాల టెస్టు రెండర్ 42 నిమిషాల 20 సెకన్లకు పెరిగింది, కార్డు 75కు దిగింది, ఫ్యాన్ల హోరు గుసగుస స్థాయికి తగ్గింది. ఎడిటింగ్‌లో మంగళవాద్యం, మంత్రాలు జాగ్రత్తగా వినవలసిన మనిషికి ఆ నిశ్శబ్దం ఆ 80 సెకన్ల కన్నా విలువైనదని బావే అన్నాడు. ఎస్‌ఎంపీఎస్ వెనుక, తక్కువ లోడులో ఫ్యాను ఆపేసే మీట ఉంది. చల్లని దేశంలో అది సుగుణం. ఇక్కడ ఆ సౌకర్యాన్నే తీసేశాను, ఫ్యాను ఎప్పుడూ మెల్లగా తిరగాల్సిందే.

ఎంసీబీ పరీక్ష మళ్ళీ చేశాం. రెండర్ నడుస్తుండగా పదిసార్లు పడేస్తే పదిసార్లూ నిలిచింది. మరి ఎంతసేపు నడుస్తుంది? బావ లెక్క ప్రకారం 150 యాంపియర్ అవర్ల బ్యాటరీ, 12 వోల్టులు, అంటే 1800 వాట్ అవర్లు, మూడు గంటలకు పైగా రావాలి. ఆ 150 అన్న అంకె ఇరవై గంటల పాటు ఏడున్నర యాంపియర్ల చొప్పున తీసినప్పటిది. మానిటరుతో కలిపి 500 వాట్లు లాగితే, ఇన్వర్టరు నష్టంతో బ్యాటరీ నుంచి 50 యాంపియర్లకు పైగా పోతుంది. అంత వేగంగా తీస్తే లెడ్ యాసిడ్ బ్యాటరీ తన సామర్థ్యంలో చాలా భాగం ఇవ్వదు. గంటా పది నిమిషాలకు ఇన్వర్టరు కూత పెట్టింది, గదిలో సీలింగు ఫ్యాను కూడా దానిమీదే నడుస్తోంది. కరెంటు పోతే పది నిమిషాలు చూసి రెండర్ ఆపేయాలని గోడ మీద కాగితం అంటించాను, పక్కనే మాటిచ్చిన ఎల్ఈడీ పట్టీ.

మే 27, మంగళవారం

అసలు పరీక్షను రోహిణి కార్తెకు దాచుకున్నాను. రోళ్ళు పగిలే ఎండల్లో నాలుగు గంటల రెండర్ నిలిస్తే యంత్రాన్ని అప్పగించినట్టు. ఆదివారం రోహిణి ప్రవేశించింది, కాని రుతుపవనాలు దానికి ఒక రోజు ముందే, మే 24న, కేరళ తాకాయి. 2009 తర్వాత అవి ఇంత తొందరగా రావడం ఇదే మొదటిసారి. ఇక్కడ మబ్బు పట్టి, జల్లు పడి, గది మధ్యాహ్నం కూడా 31 దాటలేదు. ఊరంతా హాయిగా ఉంటే నేనొక్కడినే ఎండ కోసం ఎదురుచూస్తూ కూర్చున్నాను.

చివరికి తలుపులు, కిటికీలు మూసి, సీలింగు ఫ్యాను ఆపి రెండర్ మొదలుపెట్టాం. గోడ దగ్గర మీటరు 425 వాట్లు చూపుతోంది. అందులో ప్రతి వాటూ చివరికి ఆ పదడుగుల గదిలో వేడిగానే మిగలాలి. మొదటి గంటకు గది 34, రెండో గంటకు 36, నాలుగో గంటకు 39. బయట వాన చినుకులు, లోపల యంత్రం తన వేసవిని తనే తయారుచేసుకుంది. ప్రాసెసరు 77, కార్డు 77, హార్డ్ డిస్కులు 48, ఎక్కడా వేగం తగ్గలేదు. తలుపు తీసి లోపలికి తొంగిచూసిన బావ చెమట తుడుచుకుని, "దీన్ని చల్లగా ఉంచావు సరే, మరి నన్ను?" అన్నాడు. కిటికీ పైన గాలి బయటికి తోసే ఎగ్జాస్టు ఫ్యాను కోసం తొమ్మిది అంగుళాల రంధ్రం కొలిచి, గోడ మీద పెన్సిలుతో గీశాను. తాపీమేస్త్రీ శుక్రవారం వస్తానన్నాడు.